ఎండబెడితే ఉసిరిలో యాంటీఆక్సిడెంట్లు 6 రెట్లు పెరుగుతాయా? ల్యాబ్ రిపోర్ట్ అర్థం కావట్లేదు

ఉసిరితోట_సుబ్బు (ఆదివారం, ఉదయం 7:12)

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి.

మాకు ఎకరంన్నర ఉసిరి తోట ఉంది. అన్నీ ఎన్‌ఏ-7 రకం చెట్లే. కార్తీకమాసంలో కాయకి నాలుగు డబ్బులొస్తాయి. పుష్యం వచ్చేసరికి అడిగే నాథుడుండడు. అందుకని ఈసారి అప్పు చేసి ఒక ట్రే డ్రయ్యర్ కొన్నాను. కాయ కోసి, గింజ తీసి, ముక్కలు 65 డిగ్రీల దగ్గర ఆరబెట్టి పొడి కొట్టాను. గింజ తీశాక 8 కిలోల ముక్కలు తూగాయి, వాటికి 1.4 కిలోల పొడి దిగింది.

ప్యాకెట్ మీద ఏం రాయాలో తెలుస్తుందని పచ్చి ముక్కలు, పొడి రెండూ ఒక ప్రైవేటు ల్యాబ్‌కి పంపాను. రిపోర్ట్ ఇదీ, అన్నీ 100 గ్రాములకి:

విటమిన్ సి: పచ్చి ముక్కల్లో 240 మిల్లీగ్రాములు, పొడిలో 610.
డీపీపీహెచ్ అని ఒక యాంటీఆక్సిడెంట్ పరీక్ష: పచ్చిదానికంటే పొడిలో 6.5 రెట్లు.

ల్యాబ్ అబ్బాయి ఫోన్లో "అన్నీ పెరిగాయి సార్, కంగ్రాట్స్" అన్నాడు. ప్యాకెట్ డిజైన్ చేసే కుర్రాడు అప్పుడే "పచ్చి ఉసిరి కంటే 6 రెట్ల శక్తి" అని పెద్దక్షరాలతో వేసి పంపాడు. మా ఆవిడ లెక్కల టీచరు. ఆవిడ మాత్రం "వేడి చేస్తే పెరగడమేంటండీ, ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

---

గుంటూరు_ఘాటు (ఆదివారం, ఉదయం 7:40)

ఎండితే 6 రెట్లు పెరిగేట్టయితే రోహిణీ కార్తెలో మా గుంటూరోళ్లందరం పహిల్వాన్లం అయిపోవాలి. నీళ్లు పోయాయి అన్నా, అంతే.

---

పద్మజ_వంటిల్లు (ఆదివారం, ఉదయం 8:05)

సుబ్బు గారూ, మా పుట్టింట్లో ఒక మాట అనేవారు, ఉసిరిలో సి విటమిన్ ఎంత ఎండినా ఎంత ఉడికినా పోదని. మా నాన్నగారు ఎండు ఉసిరి ముక్క ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకునేవారు, భోజనం కాగానే బుగ్గన పెట్టుకునేవారు. అదంతా అబద్ధమంటారా?

---

ల్యాబ్‌పిల్లి (ఆదివారం, ఉదయం 11:30)

సుబ్బు గారూ, మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. ఆమెను ల్యాబ్‌లో పెట్టి ఆ అబ్బాయిని బడికి పంపితే బాగుండేది.

నేను ఆహార శాస్త్రం చదువుకున్నాను. నాలుగేళ్లుగా పండ్లు అరిగే తీరు మీద పనిచేస్తున్నాను, ప్రస్తుతం ఐర్లాండ్‌లో. తెలిసినంత చెప్తాను.

ముందు నీళ్ల లెక్క. 8 కిలోలు 1.4 కిలోలు అయిందంటే సరుకు 5.7 రెట్లు చిక్కబడింది. డ్రయ్యర్‌లో ఏమీ పోకపోతే పొడిలో విటమిన్ సి 240 ఇంటూ 5.7, అంటే సుమారు 1370 ఉండాలి. మీకు వచ్చింది 610. అంటే నూటికి 45 పాళ్లు మిగిలి, 55 పాళ్లు గాలిలో కలిశాయి. రిపోర్ట్‌లో రెండున్నర రెట్లు "పెరిగినట్టు" కనిపిస్తున్నది నిజానికి సగానికి పైగా నష్టం. నీళ్లు తీసేశాక 100 గ్రాముల పచ్చిదాన్ని 100 గ్రాముల ఎండుదానితో పోలిస్తే ప్రతిసారీ ఇలాగే మోసపోతాం. పచ్చి కాయలో నీళ్లు పోగా మిగిలే పొడి పదార్థాన్ని లెక్కలోకి తీసుకుని పోల్చాలి. లేకపోతే "ఒక కాయకి ఎంత" అని చూడాలి.

పద్మజ గారూ, మీ నాన్నగారిది పూర్తి అబద్ధం కాదండీ. విటమిన్ సికి శత్రువులు వేడి, గాలి, వెలుతురు. పులుపు దాన్ని కొంత కాపాడుతుంది. ఉసిరిలో పులుపుతో పాటు వగరు కూడా ఎక్కువ. ఆ వగరు టానిన్లది. గాలి ముందు వాటి మీద పడుతుంది కాబట్టి విటమిన్‌కి కొంత రక్షణ దొరుకుతుంది. అందుకే మిగతా పండ్లతో పోలిస్తే ఉసిరిలో నష్టం నెమ్మదిగా జరుగుతుంది. కానీ "పోదు" అనేది మాత్రం నిజం కాదు, సుబ్బు గారి రిపోర్టే సాక్ష్యం.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత పద్ధతిలో ఒక రంగు ద్రావణాన్ని చుక్క చుక్కగా వేసి విటమిన్ సి కొలిచేవారు. రంగును విరిచే ఇతర పదార్థాలు కూడా ఆ లెక్కలో పడిపోతాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో ఉసిరికి 600 అని ఉండేది. వాళ్లే 2017లో వేసిన కొత్త పట్టికల్లో 250 పైచిలుకు. కాయ రకం, పక్వం, కొలిచే విధానం అన్నీ కలిసి అంకెను ఇంత లాగేస్తాయి. మీ ల్యాబ్ ఏ పద్ధతిలో చేసిందో రిపోర్ట్‌లో రాశారా?

---

ఉసిరితోట_సుబ్బు (ఆదివారం, మధ్యాహ్నం 12:15)

మేడమ్, పద్ధతి ఎక్కడా రాయలేదు. రేపు అడుగుతాను. మీ లెక్క మా ఆవిడకి చూపించాను. "చెప్పానా" అన్నట్టు ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కానీ ఒక డౌటు. సరుకు 5.7 రెట్లే చిక్కబడితే ఆ డీపీపీహెచ్ 6.5 ఎలా అయింది? అది నిజంగా పెరిగినట్టేగా?

---

గుంటూరు_ఘాటు (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

ఇప్పుడు పట్టాడు అన్న పాయింటు.

---

ల్యాబ్‌పిల్లి (ఆదివారం, సాయంత్రం 4:50)

మేడమ్ వద్దండీ, మీకంటే చిన్నదాన్నే అయ్యుంటాను.

డీపీపీహెచ్ అంటే ముదురు ఊదారంగు మందు. దాన్ని మిథనాల్‌లో కరిగించి, మీ పొడి కషాయం అందులో వేస్తారు. యాంటీఆక్సిడెంట్ ఉంటే ఊదా వెలిసి పసుపుకి తిరుగుతుంది. ఎంత వెలిసిందో 517 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తారు. చవక, అరగంట పని. అందుకే ప్రతి ల్యాబూ చేస్తుంది.

విటమిన్ సి సగం పోయినా ఇది ఎందుకు పెరిగిందంటే, ఉసిరిలో రంగు విరిచే బలం చాలావరకు టానిన్లదే. అవి విటమిన్ సి కంటే వేడిని బాగా తట్టుకుంటాయి. కొన్ని పెద్ద టానిన్లు వేడికి విరిగి గాలిక్ ఆమ్లం లాంటి చిన్న ముక్కలవుతాయి, అవి ఈ పరీక్షలో ఇంకా చురుగ్గా పనిచేస్తాయి. ఎండిన ముక్క పొడి అయ్యాక కణాల గోడలు పగిలి ఉంటాయి కాబట్టి కషాయంలోకి ఎక్కువ దిగుతుంది. అంటే పచ్చి ముక్కలోనూ ఉన్నదే, అప్పుడు బయటికి రాలేదు.

నాకు అన్నిటికంటే సరదా అనిపించే కారణం గోధుమరంగు. ఉల్లిపాయ వేగినప్పుడు, రొట్టె కాలినప్పుడు వచ్చే రంగు ఉంది చూశారూ, చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి తయారయ్యే సరుకు, అదే పండ్లు ఎండేటప్పుడూ తయారవుతుంది. అది కూడా డీపీపీహెచ్ రంగును విరుస్తుంది. కాబట్టి కాస్త మాడ్చినా మీ స్కోరు పెరగవచ్చు! పరీక్షకి కావాల్సింది రంగు విరగడం, అది ఉసిరి గొప్పతనమా మాడు గొప్పతనమా అని దానికి తెలియదు.

ఈ గొడవ వల్లే అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు వెబ్‌సైట్‌లో పెట్టిన ఓరాక్ అనే యాంటీఆక్సిడెంట్ స్కోర్ల పట్టికను 2012లో తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఒంట్లో జరిగేదానికీ సంబంధం తేలలేదని, సప్లిమెంట్ కంపెనీలు వాటిని ప్రచారానికి వాడుకుంటున్నాయని వాళ్లే చెప్పారు. ఇప్పటికీ ఆ పాత అంకెలు ప్యాకెట్ల మీద తిరుగుతూనే ఉన్నాయి.

---

చార్మినార్_చాయ్ (ఆదివారం, రాత్రి 9:10)

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఇంట్లో ఏ పెళ్లయినా ఖుబానీ కా మీఠా ఉండాల్సిందే. ఎండు ఖుబానీలు (ఆప్రికాట్లు) రాత్రంతా నానబెట్టి చేస్తారు. "పండు కదా, విటమిన్లు" అని మా ఖాలా రెండు కప్పులు లాగించేస్తుంది. అందులో ఏమైనా మిగిలి ఉంటుందా లేదా?

---

ల్యాబ్‌పిల్లి (ఆదివారం, రాత్రి 10:02)

భలే ఉదాహరణ ఇచ్చారు. ఖుబానీకి అమెరికా పట్టికల్లో పచ్చిదానికీ ఎండుదానికీ అంకెలున్నాయి. 100 గ్రాములకి చూడండి:

పొటాషియం పచ్చిదాంట్లో 259 మిల్లీగ్రాములు, ఎండుదాంట్లో 1162. పొటాషియం ఆవిరి కాదు, మాడిపోదు. కాబట్టి పండు సుమారు 4.5 రెట్లు చిక్కబడిందని దీన్ని బట్టి చెప్పొచ్చు.
బీటా కెరోటిన్ (పండుకి పసుపు రంగునిచ్చేది) సుమారు 1100 మైక్రోగ్రాముల నుంచి 2160కి వెళ్లింది. చిక్కబడిన లెక్కన 4900 దాకా రావాలి. అంటే సగానికి పైగా పోయింది.
విటమిన్ సి 10 మిల్లీగ్రాముల నుంచి 1కి పడిపోయింది. రావాల్సింది 45.

ఒకే పండులో మూడు పదార్థాలు, మూడు రకాల గతులు. "ఎండు పండ్లలో పోషకాలు ఉంటాయా పోతాయా" అని గంపగుత్తగా అడిగితే జవాబు రానిది ఇందుకే. మీ ఖాలా గారికి పీచు, పొటాషియం, కొంత కెరోటిన్ దక్కుతాయి. చక్కెర మాత్రం దండిగా దక్కుతుంది.

---

ద్రాక్షబండి (సోమవారం, ఉదయం 6:30)

నేను విజయపురలో కిస్మిస్ వ్యాపారం చేస్తాను. మాది అనంతపురం వైపు, పదేళ్లుగా ఇక్కడే. ద్రాక్ష గురించి నేను చెప్పగలను.

ఇక్కడా, సాంగ్లి వైపూ ద్రాక్షను నేరుగా ఎండలో వేయరు. పొటాషియం కార్బొనేట్, డిప్పింగ్ ఆయిల్ కలిపిన నీళ్లలో గెలలు ముంచి తీస్తారు. ద్రాక్ష పైన సన్నటి మైనం పొర ఉంటుంది, అది ఉన్నంతవరకు లోపలి నీరు బయటికి రాదు. ఆ పొర వదులైతే రెండు వారాల్లో ఎండుతుంది. షెడ్డులో నెట్ అరల మీద, నీడలో పరుస్తారు. 4 కిలోల ద్రాక్షకి కిలో కిస్మిస్. ముంచకుండా ఎండలో వేస్తే నల్లబడుతుంది, రేటు పడిపోతుంది.

బంగారు రంగు కావాలన్నవాళ్లకి గంధకం పొగ పెడతారు. కొనేవాళ్లు రంగు చూసి ఎగబడతారు, వాసన చూసి మొహం తిప్పుకుంటారు. మేడమ్ గారూ, ఏది మంచిదని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?

---

ల్యాబ్‌పిల్లి (సోమవారం, మధ్యాహ్నం 1:15)

మీరు చెప్పినంత బాగా మా పాఠ్యపుస్తకం కూడా చెప్పలేదండీ.

నల్లబడటం ఎంజైమ్ పని. వంకాయ కోసి వదిలేస్తే నల్లబడుతుంది కదా, అదే. కణం చితికినప్పుడు పాలీఫినాల్స్ (టానిన్ల జాతి పదార్థాలు), వాటిని మార్చే ఎంజైమ్, గాలి మూడూ కలుస్తాయి. ఎండే మొదటి రోజుల్లో ఇదే జరుగుతుంది. ఎండలో ఎండిన కిస్మిస్‌లో ద్రాక్షకు చెందిన కొన్ని పాలీఫినాల్స్ దాదాపు మిగలవు. గంధకం పొగ ఆ ఎంజైమ్‌ని ఆపేస్తుంది, అందుకే బంగారు రంగు కిస్మిస్‌లో అవి ఎక్కువ మిగులుతాయి. విటమిన్ సికి కూడా గంధకం రక్ష. కానీ బి1 విటమిన్‌ని అది పాడు చేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి సల్ఫైట్లు పడవు, ఆయాసం వస్తుంది. ప్యాకెట్ మీద 220 అనే సంఖ్య కనిపిస్తే అది సల్ఫర్ డయాక్సైడే. ఉబ్బసం ఉన్న ఇంట్లో నల్ల కిస్మిస్ కొనమని చెప్పండి, పాలీఫినాల్స్ కొన్ని తగ్గినా సరే.

---

పద్మజ_వంటిల్లు (సోమవారం, మధ్యాహ్నం 2:30)

ఇదంతా చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. కరివేపాకు, గోంగూర నీడలో ఆరబెట్టేది. మామిడి ఒరుగులు మాత్రం ఉప్పు పట్టించి నిప్పులాంటి ఎండలో వేసేది. "ఆకు ఎండకి రంగు పోతుంది, కాయ నీడకి బూజు పడుతుంది" అనేది. మా అత్తగారిది భీమాలి దగ్గర. అక్కడ మామిడి తాండ్ర చాపల మీద పొర మీద పొర వేసి రోజుల తరబడి ఎండబెడతారు. చివరికి దాని రంగు పచ్చని పసుపు నుంచి ముదురు తేనె రంగుకి వస్తుంది. అందులో మామిడి పండు ఎంత, మాడు ఎంత?

అయినా తాండ్ర తినడం మానేది లేదు, ముందే చెప్తున్నా.

---

ల్యాబ్‌పిల్లి (సోమవారం, సాయంత్రం 5:05)

మానమని నేను ఎక్కడన్నాను పద్మజ గారూ! నాకూ ఒక ముక్క పంపండి.

మీ అమ్మగారి మాటలో బోలెడు శాస్త్రముంది. కెరోటిన్‌కి ఎండ వెలుతురు పడదు, దాని అణువు వంపు తిరిగిపోతుంది, కొంత విరిగిపోతుంది. తాండ్రలో పలుచటి పొర మీద రోజంతా ఎండ పడుతుంది కాబట్టి కెరోటిన్, విటమిన్ సి రెండూ దెబ్బతింటాయి. ఉప్పు నీరు లాగేస్తుంది, త్వరగా ఎండుతుంది, బూజు రాదు.

నీడలో ఆరబెడితే వెలుతురు దెబ్బ తప్పుతుంది గానీ రోజులు ఎక్కువ పడతాయి, అన్ని రోజులూ గాలి తగులుతూనే ఉంటుంది. వేడి తక్కువైనా సమయం ఎక్కువైతే నష్టమే. దీని చుట్టూనే ఆరబెట్టే శాస్త్రమంతా తిరుగుతుంది. సుబ్బు గారికి ఒక కిటుకు. ముక్క తడిగా ఉన్నంతసేపు ఆవిరి దాన్ని చల్లగా ఉంచుతుంది, మట్టి కుండలో నీళ్లలాగా. గాలి 70 ఉన్నా ముక్క అంత వేడెక్కదు. కాబట్టి మొదటి గంటా గంటన్నర కాస్త ఎక్కువ వేడి పెట్టి నీళ్లు త్వరగా లాగేయండి. ముక్క పైన ఆరగానే 55కి దించండి. అప్పుడు 65లోనే ఉంచితే ముక్క నిజంగా 65కి చేరుతుంది, విటమిన్ అక్కడే పోతుంది. ముక్కలు సన్నగా తరగండి. ఎండబెట్టే ముందు రెండు నిమిషాలు మరిగే నీళ్ల ఆవిరి పట్టిస్తే ఎంజైమ్ చస్తుంది. నీళ్లలో ముంచితే కూడా చస్తుంది గానీ విటమిన్ సి ఆ నీళ్లలోకి దిగిపోతుంది.

---

డాలస్_మామయ్య (సోమవారం, రాత్రి 11:48)

అబ్బాయిలూ అమ్మాయిలూ, అంతా బావుంది. నేను రోజూ ఉసిరి సారం క్యాప్సూల్ ఒకటి, నేరేడు పొడి ఒక చెంచా వేసుకుంటున్నాను. షుగరుంది. సీసా మీద యాంటీఆక్సిడెంట్ అంకె అయిదు అంకెల్లో ఉంది. అది కడుపులోకి వెళ్లాక ఏమవుతుందో ఎవరూ చెప్పరేం?

---

ల్యాబ్‌పిల్లి (మంగళవారం, ఉదయం 10:20)

మామయ్య గారూ, నా ఉద్యోగమంతా ఆ ప్రశ్నే. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

మేం గాజు పాత్రల్లో నకిలీ కడుపు పెడతాం. 2014లో పలు దేశాల పరిశోధకులు కలిసి ఒప్పుకున్న ఇన్ఫోజెస్ట్ అనే పద్ధతి ఉంది, 2019లో దాన్ని సవరించారు. 37 డిగ్రీల దగ్గర, నోటి దశ 2 నిమిషాలు. తర్వాత పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3 దగ్గర పెప్సిన్ అనే కడుపు ఎంజైమ్‌తో కడుపు దశ 2 గంటలు. ఆపైన పీహెచ్ 7 దగ్గర పిత్త రసం, క్లోమ ఎంజైమ్‌లతో చిన్నపేగు దశ 2 గంటలు. వాసన గురించి అడక్కండి. చివరికి ద్రవంలోకి ఏం దిగిందో, పిప్పిలో ఏం మిగిలిందో చూస్తాం. దిగినదంతా ఒంటబట్టినట్టు కాదు, పేగు గోడ దాటడానికి సిద్ధంగా ఉన్నట్టు మాత్రమే.

నేరేడు ఊదారంగు ఆంథోసయనిన్లది. అవి పులుపులో హాయిగా ఉంటాయి. కడుపు పుల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ దాదాపు చెక్కుచెదరవు. చిన్నపేగులో పీహెచ్ 7కి రాగానే విరిగిపోతాయి. ఇంట్లోనే చూడొచ్చు. నేరేడు రసంలో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది. వంటసోడా చిటికెడు వేస్తే నీలంగా మారి, కాసేపటికి మురికి గోధుమరంగుకి దిగుతుంది. మీ చెంచా పొడికి పేగులో జరిగేది చాలావరకు అదే. చెక్కుచెదరకుండా రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. అయితే విరిగిన ముక్కలు వృథా కావు. ఒక ఆంథోసయనిన్‌కి గుర్తుపట్టేలా భారమైన కార్బన్ తగిలించి మనుషులకిచ్చి చేసిన ప్రయోగం ఒకటి 2013లో వచ్చింది. విరిగిన రూపాలన్నీ కలిపి లెక్కేస్తే 12 శాతం దాకా ఒంట్లోకి చేరినట్టు తేలింది. సీసా మీద అంకెలో ఈ రూపాల ఊసే ఉండదు.

ఉసిరి టానిన్ల కథ వేరు. అవి పెద్దవి, చిన్నపేగు వాటిని తీసుకోలేదు. కొన్ని విరిగి ఎల్లాజిక్ ఆమ్లం అవుతాయి, మిగతావి పిప్పితో పాటు పెద్దపేగుకి వెళ్తాయి. అక్కడి సూక్ష్మజీవులు వాటిని యూరోలిథిన్లు అనే చిన్న పదార్థాలుగా మారుస్తాయి. ఒంటబట్టేది అవే. దానిమ్మకీ ఇదే దారి. తమాషా ఏంటంటే, ఆ పని చేసే జీవులు అందరి పేగుల్లో ఉండవు. ఒకే ఉసిరి తిన్న ఇద్దరిలో ఒకరికి యూరోలిథిన్లు వస్తాయి, ఇంకొకరికి రావు.

ఎండబెట్టడం ఇక్కడ రెండు వైపులా పనిచేస్తుంది. కణాల గోడలు పగలడం వల్ల కొన్ని పాలీఫినాల్స్ సులువుగా బయటికొస్తాయి. మరికొన్ని ఎండేటప్పుడు పీచుకి గట్టిగా అతుక్కుని పెద్దపేగు దాకా వదలవు. అందుకే మా ప్రయోగాల్లో "పచ్చిదాంట్లో ఎక్కువ ఉంది, అరిగాక ఎండుదాంట్లోంచే ఎక్కువ దిగింది" లాంటి ఫలితాలు వస్తుంటాయి.

ఇక విటమిన్ సి. మోతాదు తక్కువైతే పేగు దాదాపు అంతా తీసుకుంటుంది. గ్రాము దాటితే సగం కూడా తీసుకోదు, మిగతాది బయటికే. పెద్దలకి మన దేశంలో 2020లో చెప్పిన రోజువారీ మోతాదు మగవాళ్లకి 80, ఆడవాళ్లకి 65 మిల్లీగ్రాములు. సుబ్బు గారి పచ్చి కాయ ఒక్కటి, గుజ్జు 35 గ్రాములనుకుంటే, 84 మిల్లీగ్రాములు. ఆయన పొడి చెంచాడు, 5 గ్రాములు, 30 మిల్లీగ్రాములు.

---

డాలస్_మామయ్య (మంగళవారం, రాత్రి 8:30)

నా పేగులో ఆ జీవులు లేవేమోనని ఇప్పుడు కొత్త టెన్షన్ పట్టుకుంది. క్యాప్సూల్ డోసు పెంచితే సరిపోదా తల్లీ?

---

గుంటూరు_ఘాటు (మంగళవారం, రాత్రి 8:41)

మామా, లేని కోళ్లకి మేత ఎక్కువేస్తే గుడ్లు పెడతాయా?

---

వైద్యం_విరామం (మంగళవారం, రాత్రి 9:25)

ఘాటు బాబు పోలిక బాగుంది. నేను రిటైరైన డాక్టర్ని. మామయ్య గారూ, డోసు పెంచొద్దు. "యాంటీఆక్సిడెంట్ కదా, ఎక్కువైతే ఏం పోయింది" అని ప్రపంచమంతా ఒకప్పుడు అలాగే అనుకుంది. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పైచిలుకు మగ పొగరాయుళ్ల మీద ఒక పెద్ద పరీక్ష చేశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. తిండిలోనే కెరోటిన్ ఎక్కువ తిన్నవాళ్లకి ఇలా జరగలేదు, మాత్రలతో జరిగింది. నేను అప్పటిదాకా అవే మాత్రలు రాసేవాణ్ని. ఆ పేపరు చదివిన రోజు ఇంకా గుర్తుంది.

షుగరు మందులు వాడుతూ ఉసిరి సారం, నేరేడు పొడి కలిపితే షుగరు మరీ పడిపోయే ప్రమాదముంది. మీ డాక్టరుకి ఆ సీసాలు చూపించండి. ఇంకోటి, రక్తహీనతకి ఐరన్ మాత్ర వాడేవాళ్లు: విటమిన్ సి ఐరన్‌ని ఒంటబట్టిస్తుంది, వగరు టానిన్లు అడ్డుపడతాయి. ఉసిరిలో రెండూ ఉన్నాయి. ఎండి విటమిన్ పోయి వగరు మిగిలిన పొడి కంటే, ఐరన్ మాత్రకి తోడు నిమ్మరసం మేలు.

---

పద్మజ_వంటిల్లు (బుధవారం, ఉదయం 7:15)

ఇనుము అంటే గుర్తొచ్చింది. ఉసిరికాయ తొక్కు ఇనప రోకలితో దంచితే నల్లబడేది. అది ఈ వగరూ ఇనుమూ కలిసే కదా! మా అమ్మమ్మ ఆ నలుపు చూసి "ఇప్పుడు పచ్చడయింది" అనేది.

ల్యాబ్ అమ్మాయీ, ఒక్క ప్రశ్న. అన్నీ పోయేవే చెప్పావు. ఎండబెడితే, వండితే బాగుపడేది ఒక్కటైనా లేదా?

---

ల్యాబ్‌పిల్లి (బుధవారం, ఉదయం 11:40)

ఉందక్కా, అదీ మీ వంటింట్లోనే ఉంది. టమాటా పచ్చడి.

టమాటాల ఎరుపు లైకోపీన్. పచ్చి టమాటాలో అది కణాల లోపల గట్టి స్ఫటికాల్లా ఇరుక్కుని ఉంటుంది, తిన్నా చాలావరకు అలాగే బయటికి పోతుంది. ముక్కలు ఉప్పులో ఊరి, ఎండి, తర్వాత నూనెలో ఉడికితే ఆ గోడలు విరుగుతాయి, అణువు వంపు తిరుగుతుంది. తాండ్రలో కెరోటిన్‌కి నష్టమైన ఆ వంపే లైకోపీన్ విషయంలో పేగు తేలిగ్గా తీసుకునేలా చేస్తుంది. దానికి నూనె తప్పనిసరి, ఎందుకంటే అది నీళ్లలో కరగదు. కొంత లైకోపీన్ ఎండలో పోయినా, ఒంటబట్టేది పచ్చి టమాటా కంటే ఎక్కువే. మామిడిపండు కెరోటిన్‌కి కూడా కొంచెం కొవ్వు కావాలి. మామిడిపండుతో పెరుగన్నం తినే అలవాటు ఊరికే రాలేదేమో, లేక రుచికోసమే వచ్చిందేమో. నేనైతే రుచి కోసమే తింటాను.

---

గుంటూరు_ఘాటు (బుధవారం, మధ్యాహ్నం 12:02)

ఆఖరికి ఆవకాయ బ్యాచ్‌కి శాస్త్రం నుంచి సర్టిఫికెట్ వచ్చింది. ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటిస్తున్నా. ఉప్పు గురించి మాత్రం ఎవరూ మాట్లాడొద్దు.

---

వైద్యం_విరామం (బుధవారం, మధ్యాహ్నం 12:10)

నేను మాట్లాడతాను.

---

గుంటూరు_ఘాటు (బుధవారం, మధ్యాహ్నం 12:11)

డాక్టర్ గారూ, మీరు విరామంలో ఉన్నారు.

---

ఉసిరితోట_సుబ్బు (శనివారం, సాయంత్రం 6:45)

అందరికీ దండాలు. ఇన్ని రోజులూ రెండో విడత పనిలో ఉన్నాను.

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. విటమిన్ సిని రంగు ద్రావణంతోనే కొలిచారట. "వేరే మిషన్ మీద చేయాలంటే రేటు వేరు సార్" అన్నారు. పచ్చిదీ పొడిదీ ఒకే పద్ధతిలో చేశారు కాబట్టి ఎంత పోయిందన్న అంచనాకి పనికొస్తుంది, ప్యాకెట్ మీద అంకె వేయాలంటే మాత్రం మిషన్ మీదే చేయించమని ల్యాబ్‌పిల్లి గారు విడిగా చెప్పారు. సరే, ఈసారి అదే కట్టాను.

ప్యాకెట్ మీద 6 రెట్లు తీసేయించాను. డిజైన్ కుర్రాడు "సార్, అది లేకపోతే ఎవరు కొంటారు" అని బాధపడ్డాడు. ఇప్పుడు "ఎండు ఉసిరి పొడి, చక్కెర కలపలేదు" అని మాత్రమే ఉంది. విటమిన్ సి అంకె రిపోర్ట్ వచ్చాక, చెంచాకి ఎంతో రాయిస్తాను.

రెండో విడతలో ముక్కలు సన్నగా తరిగాం. ఆవిరి పట్టించడానికి ఇడ్లీ పాత్ర చాలక, సగం ముక్కలు ఆవిరి మీద, సగం మరిగే నీళ్లలో ముంచి తీశాం. రెండిటికీ వేరువేరు నమూనాలు పంపాను. 70తో మొదలుపెట్టి 55కి దించాను. రంగు ఈసారి లేత పసుపు. మా ఆవిడ మొదటి విడత డబ్బా పక్కన పెట్టి చూపిస్తే అది కాఫీపొడిలా ఉంది. నేను రెండు వారాలు దాన్నే గొప్పగా చుట్టాలకి పంచాను.

ముంచి తీసిన నీళ్ల నమూనా కూడా పంపుదామనుకున్నాను, విటమిన్ ఎంత దిగిందో తెలుస్తుందని. సీసా కోసం వెతుకుతుండగా మా అమ్మ ఆ నీళ్లు పప్పుచారులో పోసేసింది. చారు మాత్రం బాగుంది.